కియోటోలో నీటివెంట ఒక దినము

మంత్రాలయము తుంగభద్రయొడ్డున నున్నది. శ్రీ రాఘవేంద్రస్వాములవారి బృందావనమును దర్శింపవచ్చువారు ముందుగా నదిలో మునిగి, పిమ్మట గుడికి పోవుదురు. అట్లు మునుగుటకు చాలినన్ని నీళ్ళున్న దినములలో గూడ, ఏటికి రెండుమైళ్ళ దూరమున నున్న మెట్టచేలు మబ్బులవంక చూచుచుండును. ఏటియొడ్డున పుట్టియు నీటికి మొగము వాచినవారము మనము. 2009వ సంవత్సరము అక్టోబరు నెలలో ఆ యేరే పొంగి మంత్రాలయమును ముంచివేసెను. నీరు రాకున్న బాధయు, నీరు వచ్చిన బాధయు, రెండును మనకు తెలిసినవే.

అట్టి యూరివాడనగు నేను మొన్న కార్తీకమాసమున జపాను దేశమునకు పోయి, కియోటో యను మహానగరమున నొక దినము మిత్రులతో గూడి తిరిగితిని. అచ్చట గుళ్ళు చూచితిని, తోటలు చూచితిని, అంగళ్ళు చూచితిని. కాని తిరిగివచ్చిన పిమ్మట నా మనస్సున నిలిచినది యొక కాలువ. దానిని గూర్చియే నేడు పెద్దలకు మనవి చేయదలచితిని.

ఆ దినమున మేము నలుగురము. నా మేనల్లుడు ఒసాకా నగరమున ఉద్యోగము చేయుచున్నాడు; నేను వాని యింటనే దిగితిని. వాని స్నేహితుడొకడు కడప జిల్లావాడు. కర్నూలు-కడప కాలువ కొసన వాని తండ్రికి మూడెకరముల మాగాణి కలదు. నాల్గవవారు కియోటో నివాసియగు జపాను వృద్ధుడు. ఆయనయు నావలె బడిపంతులుగా నుండి పని విరమించినవారే. ఆయన మాట నాకు తెలియదు, నా మాట ఆయనకు తెలియదు. మేనల్లుడు ఇద్దరికిని నడుమ దుబాసి.

కియోటోను గూర్చి ముందుగా నొక మాట చెప్పవలెను. ఆ నగరమునకు మూడువైపుల కొండలు. నడుమ కామో యను నది పారుచుండును. 794వ సంవత్సరము మొదలు వేయి సంవత్సరములకు పైగా అది జపాను చక్రవర్తులకు రాజధాని. 1869లో చక్రవర్తి తన నివాసమును టోకియోకు మార్చెను. రాజుతో గూడ ఉద్యోగులు పోయిరి. ఉద్యోగులతో గూడ వర్తకులు పోయిరి. పట్టుబట్టలు కొనువారు లేక మగ్గములు మూలబడెను. సుమారు మూడవవంతు జనము తగ్గిపోయిరి.

రాజు విడిచిన పట్టణము గతి యేమగునో మనకు ఒకరు చెప్పనక్కఱలేదు. మన తుంగభద్రకే యెగువన హంపీ కలదు. 1565లో తళ్ళికోట యుద్ధము జరిగిన పిమ్మట ఆ మహానగరము మఱల కోలుకొనలేదు. ఏనుగుల సాలలు నేటికిని నిలిచియున్నవి, కాని యేనుగులు లేవు. కియోటోకు గూడ ఆ గతియే పట్టవలసినది. పట్టలేదు. నేడచ్చట పదునాలుగు లక్షలకు పైగా జనులు కాపురముండి పనిపాటలు చేసికొనుచున్నారు. ఎందుచే పట్టలేదని జపాను పంతులుగారిని నేనడిగితిని. ఆయన నవ్వి, “దానికి జవాబు మాటలతో చెప్పను. పడవలో కూర్చుండపెట్టి చూపెదను” అనెను.

తెల్లవారుజామున ఒసాకాలో రైలెక్కి గంటలోపలనే ఓట్సు అను ఊరు చేరితిమి. ఓట్సు బివా సరస్సు ఒడ్డున నున్నది. జపాను దేశములోని సరస్సులన్నిటిలో ఇది పెద్దది. సుమారు 670 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణము కలది. బివా అనగా మన వీణను పోలిన తంత్రీవాద్యము. సరస్సు ఆకారము ఆ వాద్యమువలె నుండుటచే ఈ పేరు వచ్చెనని చెప్పుదురు. ఆ వాద్యమును చేతబట్టిన దేవతను వారు బెంజాయితెన్ అందురు. ఆమె మన సరస్వతియే. బౌద్ధగ్రంథములతో గూడ మన దేశమునుండి చీనామీదుగా అచ్చటికి పోయెను. సరస్సులోని చికుబు అను దీవియందు ఆమెకు ప్రసిద్ధమైన గుడి కలదు. మన స్వాములవారు గూడ పూర్వాశ్రమమున వీణావాదనమున నిపుణులని పెద్దలు చెప్పుటచే, ఆ నీటినిచూచి నేను చేతులు జోడించితిని.

సరస్సు ఇటు, కియోటో అటు; నడుమ కొండలు. సరస్సు మట్టము నగరముకంటె యెత్తు. నీటిని తెచ్చినచో దానంతట అదియే పల్లమునకు పారును. ఈ యాలోచన వారి పూర్వులకును కలదు, కాని కొండను తొలుచు ఉపాయము లేకుండెను. 1881లో కితగాకి కునిమిచి యనునాయన కియోటోకు గవర్నరుగా వచ్చెను. రాజు పోయిన నగరమును నిలుపుటకు నీరొక్కటియే దారియని ఆయన తలచెను. ఆ సమయముననే టనబె సకురో యను యువకుడు టోకియోలో ఇంజనీరింగు చదువుచు, ఈ కాలువను గూర్చియే తన పరీక్షా వ్యాసమును వ్రాయుచుండెను. కుడిచేతికి దెబ్బ తగులుటచే పటములను ఎడమచేతితో గీసెనట. 1883లో అతడు చదువు ముగింపగనే గవర్నరు వానిని పిలిచి పని యప్పగించెను. అప్పటికి వానికి ఇరువదియొక్క యేండ్లు. ఆ కాలమున జపానులో పెద్ద పనులన్నియు విదేశీయులగు ఇంజనీర్ల చేతిమీద నడచుచుండగా, ఇది మాత్రము మొదటినుండి తుదివఱకు స్వదేశీయులే చేసినది.

పని 1885లో ఆరంభమై 1890లో ముగిసెను. సుమారు పన్నెండున్నర లక్షల యెన్నులు ఖర్చయ్యెను. అందు కొంత చక్రవర్తి యిచ్చిన ధనము, కొంత ప్రభుత్వ సహాయము, కొంత అప్పు. మిగిలినది పురజనులమీద విధించిన ప్రత్యేకపు పన్ను. పన్ను అనగనే ఎవరికి సంతోషము? “మా ముత్తాత గూడ గొణుగుచునే కట్టెనట” అని పంతులుగారు చెప్పిరి.

ఇప్పుడు పడవ సంగతి. ఆ కాలువలో సరకుపడవలు 1951తో నిలిచిపోయినవి. 2018 మొదలు యాత్రికులకై చిన్నపడవలను మఱల నడుపుచున్నారు. పదిమందికి మించి యొకరో యిద్దరో పట్టు పడవలో మేమెక్కితిమి. ఒడ్డున కార్తీకపు చలికి ఎఱ్ఱబారిన ఆకులు. కొంతదూరము పోవునప్పటికి కొండకడుపులో నల్లని ద్వారము కనబడెను. దానిపై రాతిపలకమీద జపాను మొదటి ప్రధానమంత్రియగు ఇటో హిరొబుమి వ్రాసిన అక్షరములు చెక్కబడియున్నవి. పడవ లోపల ప్రవేశించెను.

ఆ సొరంగము పొడవు 2,436 మీటర్లు, అనగా మైలున్నరకు కొంచెము పైన. ఆ కాలమున జపానులో అంత పొడవైన సొరంగము లేదు. రెండు కొసలనుండి మాత్రమే త్రవ్వినచో ఎన్నేండ్లు పట్టునో యని, టనబె యొక ఉపాయము చేసెను. కొండపైనుండి సుమారు నూటయేబది అడుగుల లోతున బావివంటి గొయ్యి దింపించెను. మన బావిత్రవ్వకమువంటిదే. అడుగుకు చేరిన పిదప అచ్చటనుండి కూలివాండ్రు ఇటును అటును త్రవ్వుకొనుచు పోయిరి. అందుచే రెండుచోట్లకు బదులు నాలుగుచోట్ల పని సాగెను. చెప్పుటకిది సులభము. ఉలి, సుత్తి, మందుగుండు, నూనెదీపము. ఇవియే వారి సాధనములు. రాతిపగుళ్ళనుండి ఊరునీరు వరదవలె పైబడుచుండెను.

మా పడవ ఆ గోతిక్రిందికి వచ్చినప్పుడు పైనుండి వానజల్లువలె నీరు మామీద పడెను. పడవలోనివారందరు నవ్విరి. పంతులుగారు మాత్రము టోపీ తీసి తలవంచిరి. ఈ కాలువ పనిలో పదునేడుగురు ప్రాణములు విడిచిరనియు, టనబె తన సొంత ధనముతో వారికి స్మారకశిల నెత్తించెననియు ఆయన తరువాత చెప్పిరి. ఒక్కొక్కరి బలిదానము వేల యిండ్లకు మేలయ్యెనను భావము దానిపై చెక్కబడియున్నది. కెయాగె వద్ద దిగినపిదప మేమా శిలను చూచితిమి. ఆనకట్టలపైన అధికారుల పేళ్ళు చెక్కిన శిలాఫలకములను నేను పెక్కింటిని చూచితిని. మన్ను మోసి చచ్చినవారికొక ఱాయిని అచ్చటనే చూచితిని.

కెయాగె యనునది కాలువ కొండదిగి నగరమున ప్రవేశించుచోటు. అచ్చట నేల హఠాత్తుగా 36 మీటర్లు పల్లమగును. పడవ దిగుట యెట్లు? దానికై 582 మీటర్ల పొడవున ఏటవాలు దారి వేసి, రైలుపట్టాలు పఱచిరి. పడవను సరకుతో గూడ చక్రముల చట్టముపై నెక్కించి, ఇనుపతాటితో మెల్లగా దింపుచుండిరి. క్రిందిపడవను పైకి లాగుచుండిరి. ఇది 1891 మొదలు 1948 వఱకు నడచెను. ఇప్పుడా పట్టాలమధ్య జనులు విహారముగా నడచుచున్నారు.

పడవ దిగుటకు దారి యట్లుండగా, నీరు దిగుటకు వేఱుదారి కలదు. అదియే యసలు సంగతి. మొదట నీటిచక్రములను త్రిప్పి మరలు నడుపవలెనని యుద్దేశము. కాలువ పని యింకను సాగుచుండగనే, 1888లో టనబె అమెరికాకు పోయి, అచ్చట ఆస్పెన్ అను ఊరి వెండిగనులలో నీటిశక్తితో విద్యుత్తును పుట్టించుట చూచెను. తిరిగివచ్చి పాతపథకమును మార్చుటకు వెనుదీయలేదు. నీటిని ఇనుపగొట్టములలో కొండపైనుండి దింపి, దాని వడితో యంత్రములను త్రిప్పి, 1891లో కెయాగెవద్ద విద్యుత్కేంద్రమును స్థాపించిరి. ప్రజలకు విద్యుత్తు అమ్ముటకై నీటిశక్తితో నడిపిన కేంద్రము జపానులో అదియే మొదటిది. 1895లో ఆ విద్యుత్తుతో కియోటో వీథులలో ట్రాంబండ్లు నడచెను, జపానులో మొదటివి. మన యెమ్మిగనూరివలె కియోటోలో నిషిజిన్ అను పేట నేతకు ప్రసిద్ధము. మూలబడిన పరిశ్రమలు ఆ శక్తితో మఱల కదలెను. ఇట్లు రాజుతో పోయిన లక్ష్మి నీటివెంట తిరిగివచ్చెను.

అచ్చటనుండి కాలినడకను నన్‌జెన్‌జి యను మఠమునకు పోతిమి. ఇది జెన్ శాఖవారిది. జెన్ అనగా మన ధ్యానమను మాటయే చీనాదేశపు నోట మాఱి అట్లయ్యెను. ఆ శాఖకు మూలపురుషుడగు బోధిధర్ముడు దక్షిణ హిందూదేశమునుండి పోయినవాడని సంప్రదాయము. మఠపు ఆవరణమున దేవదారుచెట్ల నడుమ ఎఱ్ఱయిటుకల కమానులతో నొక వంతెన నిలిచియున్నది. 93 మీటర్ల పొడవు, 1888లో కట్టినది. దానిమీద మనుష్యులు నడవరు, నీరు నడచును. కాలువ శాఖయొకటి ఆ వంతెనపై పారుచు మఠమును దాటిపోవును. పుణ్యస్థలమున ఇట్టి కట్టడమా యని ఆ కాలమున ఆక్షేపించినవారు కలరు. ఇప్పుడు దానిని చూచుటకే జనులు వచ్చుచున్నారు. 2025వ సంవత్సరమున జపాను ప్రభుత్వము ఈ వంతెనను, సొరంగములను, ఏటవాలు దారిని జాతీయనిధులుగా ప్రకటించెను. అంతవఱకు గుళ్ళకును విగ్రహములకును దక్కిన గౌరవము ఒక కాలువకు దక్కెను.

మఠము ప్రక్కనే భోజనము. సోయాచిక్కుళ్ళ పాలను విఱిచి చేసిన జున్నువంటి పదార్థమును వేడినీళ్ళలో నుంచి, ఆవిరి చెదరకమునుపే తెచ్చిపెట్టిరి. నేను శాకాహారినగుటచే చేపలరసము తగులకుండ చూడుమని మేనల్లుడు ముందుగనే చెప్పియుంచెను. ఉప్పు, కారము లేకున్నను కడుపు నిండెను. పిమ్మట సమీపముననున్న కాలువ ప్రదర్శనశాలలో టనబె గీసిన పటములను చూచితిమి.

మధ్యాహ్నము తోజి యను దేవాలయము. దాని అయిదంతస్తుల కొయ్యగోపురము 1644లో మఱల కట్టబడినది. సుమారు 55 మీటర్ల యెత్తు. జపానులోని కొయ్యగోపురములలో అంతకంటె ఎత్తయినది లేదు. లోపలి మండపమున బ్రహ్మ హంసలపై కూర్చుండియున్నాడు, ఇంద్రుడు ఏనుగునెక్కియున్నాడు. పేళ్ళు మాత్రము బొన్‌తెన్, తైషాకుతెన్. మన కృష్ణాతీరమున నాగార్జునకొండకు పేరైన నాగార్జునాచార్యుని వారు ర్యూజు అందురు. తమ బౌద్ధశాఖల కెల్ల మూలగురువుగా పూజింతురు. “మీ తెలుగుదేశమునకు మేము ఋణపడియున్నాము” అని పంతులుగారనిరి. ఆ ఋణము ఒకవైపుననే లేదని ఆ సాయంకాలము తెలిసెను.

సాయంకాలము పంతులుగారు మమ్ము తమ యింటికి కొనిపోయిరి. ఆయన కుళాయి త్రిప్పి, నాలుగు గాజు లోటాలలో నీరుపట్టి మా ముందుంచిరి. “ఉదయము మీరు పడవలో వచ్చిన నీరే యిది” అనిరి. 1912లో రెండవ కాలువ త్రవ్వి, నీటిని వడగట్టి ఇంటింటికి పంపుట ఆరంభించిరట. నేటికిని కియోటోవారు త్రాగునది బివా సరస్సు నీరే. ఆయన ఇంకొక సంగతి చెప్పిరి. సరస్సు కియోటోవారిది కాదు; షిగా యను పొరుగు పరగణాది. అందుచే కియోటో నగరమువారు ఏటేట షిగావారికి కొంత ధనము నిచ్చుచున్నారు. దాని పేరు కాలువ కృతజ్ఞతాధనము.

ఈ మాట విని నేను కొంతసేపు మాటాడలేదు. ఒకే నదికి ఎగువవారు, దిగువవారు, ఎడమగట్టువారు, కుడిగట్టువారు పెట్టుకొను వ్యాజ్యములు నాకు గుర్తువచ్చెను. కృతజ్ఞతతో తగవులన్నియు తీరునని నేననను. కాని నీటికి ఎగువన మనుష్యులున్నారని తలచుకొనుట గూడ ఒక మర్యాదయే కదా.

అప్పుడు కడప కుఱ్ఱవాడు నోరు విప్పెను. “అయ్యవారూ, మా కాలువ దీనికంటె పెద్దది, పాతది. మా తాత దానినమ్ముకొని వరి పెట్టినాడు. నీరు ఎగువననే సరిపోయి మా కొసకు రాని యేండ్లే యెక్కువ. ఆ మూడెకరములు మమ్ము పోషించియున్నచో నేనిక్కడ నుండను” అనెను. వాడు కోపముతో చెప్పలేదు; లోటాలోని నీటివంక చూచుచు చెప్పెను.

వాడు చెప్పినది నిజము. కర్నూలు-కడప కాలువ బివా కాలువకంటె వయస్సున పెద్దది. ఆర్థరు కాటను దొరగారి యాలోచన ననుసరించి, మదరాసు ఇరిగేషన్ కంపెనీవారు 1860 తరువాత దానిని త్రవ్విరి. సుంకేసులవద్ద తుంగభద్రకు అడ్డుకట్ట కట్టి, కడపవఱకు సుమారు 300 కిలోమీటర్లు నీరు పోవునట్లు చేసిరి. దానియందును పడవలు నడచెను. కాని కంపెనీవారు తలచినంత ఆయకట్టు కుదురలేదు. 1882లో ప్రభుత్వమువారు దానిని కొనవలసివచ్చెను. ఆ పిమ్మట ఎన్నితరములు గడచినను కొసభూముల గోడు తీరలేదు. గట్లు క్రుంగెను, పూడిక పేరుకొనెను, దారిలోనే నీరింకిపోయెను.

తుదకు ఆ కాలువను బాగుచేయుటకు ధనమెక్కడిది? 1996లో నొకసారి, 2004లో నొకసారి జపాను ప్రభుత్వము అప్పు ఇచ్చుటకు ఒప్పుకొనెను. ఈ సంగతి పంతులుగారికి తెలియదు; మేనల్లుడు చెప్పగా ఆశ్చర్యపడిరి. నాగార్జునుని పంపిన దేశమునకు కాలువగట్టు సొమ్ము తిరిగివచ్చినది. ఐనను అది దానము కాదు, అప్పు. తీర్పవలసినవారము మనమే.

కియోటోవారు మనకంటె తెలివిగలవారని చెప్పుటకు నేను రాలేదు. వారి కాలువ చిన్నది, వానలు మెండు, సరస్సు ఎండదు. మనకు ఏరే సంవత్సరమున కొన్నినెలలు పారును. పోలిక అక్కడితో సరి. కాని యొక్క విషయమున వారిని చూచి మనము నేర్వవచ్చును. వారు కాలువను అయిదేండ్లలో త్రవ్విరి. నూటముప్పది యేండ్లుగా కాపాడుకొనుచున్నారు. శీతకాలమున నీటినాపి, లోపల దిగి, పగుళ్ళు చూచి, పూడిక తీయుదురు. ఇది మనకు క్రొత్త కాదు. కుడిమరామత్తు అను మాట మన పెద్దలనోట ఉండెడిది. ఏటికొకసారి ఇంటికొక మనిషి పాఱ పట్టి, చెరువుకట్టకును కాలువకును పోయెడివాడు. నీరుగంటివాడు కొసచేనుకు నీరుపోయినదాకా నిద్రింపడనెడువారు. ఆ యాచారము పోయినది; మాట మాత్రము మిగిలినది.

2024వ సంవత్సరము ఆగస్టు 10వ తేది రాత్రి హొసపేటవద్ద తుంగభద్ర ఆనకట్టలో పందొమ్మిదవ గేటు కొట్టుకొనిపోయినది మీరెఱుగుదురు. తెగినది గొలుసు. ఆ గొలుసువలన కూడబెట్టిన నీరు ఎంతయో నదిపాలయ్యెను. ఆనకట్ట 1953 నాటిది. అంత పెద్ద కట్టడమును ఒక గొలుసు నిలుపుచున్నదని అంతవఱకు మనలో నెవరు తలచిరి?

రాత్రి రైలులో ఒసాకాకు తిరిగివచ్చుచుండగా కడప కుఱ్ఱవాడు నన్నొక ప్రశ్న అడిగెను. “అయ్యవారూ, మా నాయన ఆ మూడెకరములు అమ్ముదునా వద్దా యని వ్రాసినాడు. ఏమి చెప్పమందురు?” నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. కొసకు నీరు వచ్చునో రాదో వాడు ఒంటరిగా తేల్చుకొనదగినది కాదు. అది ఎగువనున్న ప్రతి తూమువద్ద, ప్రతి గ్రామమున తేలవలసినది. ఇంటికి వచ్చినతోడనే ఎగువ ఊళ్ళ పెద్దలతో మాటాడుదునని మాత్రము వానికి మాట ఇచ్చితిని.

ఆ మాటను చెల్లించుటకే నేడు ఈ నాలుగుమాటలు చెప్పితిని. ఈ వేసవిలో కాలువ ఎండినప్పుడు, మీ యూరి తూముదగ్గఱకు ఒకసారి పోయి చూడుడు. పూడిక ఎంత యున్నదో, గట్టు ఎచ్చట తెగినదో, మీ క్రింది ఊరికి నీరు ఎట్లు పోవుచున్నదో చూడుడు. నలుగురిని పిలువుడు. నమస్కారము.